పందెంగా మారిన ప్రేమ: పుష్కిన్ 'ఇస్పేటు రాణి', దోస్తోయెవ్‌స్కీ 'జూదరి' – ఒక పరిశీలన

ప్రస్తావన

మన పూర్వులు సప్తవ్యసనాలను లెక్కించినప్పుడు ద్యూతాన్నీ స్త్రీలోలత్వాన్నీ ఒకే వరుసలో చేర్చారు. ఆ వరుసలో అవి పక్కపక్కనే ఉన్నా దేనికదే విడి వ్యసనం. ఒక వ్యసనం మరొకదాని వేషం ఎలా వేసుకుంటుంది, ఒకదాని భాషను మరొకటి ఎలా మాట్లాడుతుంది అన్న ప్రశ్న ఆ లెక్కలోకి రాదు. పందొమ్మిదో శతాబ్దపు రష్యన్ కథాసాహిత్యం సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే ఆగి చూసింది. అలెగ్జాండర్ పుష్కిన్ 1834లో ప్రచురించిన 'ఇస్పేటు రాణి', ఫ్యోదర్ దోస్తోయెవ్‌స్కీ 1866లో రాసిన 'జూదరి' ఈ పరిశీలనకు ముఖ్యమైన ఆధారాలు.

ఈ రచనలను సాధారణంగా రెండు విధాలుగా చదువుతుంటారు. మొదటిది నీతిపరమైన పఠనం. జూదం నాయకుడి బుద్ధిని చెడగొట్టి, చేతికి అందిన ప్రేమను దూరం చేసిందని అది చెబుతుంది. రెండవది జీవితచరిత్ర ఆధారంగా సాగే పఠనం. ముఖ్యంగా 'జూదరి'ని దోస్తోయెవ్‌స్కీ సొంత రూలెట్ వ్యసనానికీ, అపొలినారియా సూస్లోవాతో ఆయనకున్న అనుబంధానికీ అద్దంగా అది భావిస్తుంది. రెండింటిలోనూ కొంత సత్యం ఉంది. అయితే రెండూ ప్రేమ ఒకటి, జూదం మరొకటి అనే ముందస్తు నమ్మకంతోనే మొదలవుతాయి. ఈ వ్యాసం ఆ నమ్మకాన్ని ప్రశ్నిస్తుంది. ఈ రెండు రచనల్లోనూ నాయకుడి ప్రేమ మొదటినుంచీ జూదం పద్ధతిలోనే నడిచిందనీ, అందువల్లనే జూదం గెలిచిన రోజున తాను ఏం పోగొట్టుకున్నాడో అతనికి తెలియలేదనీ ప్రతిపాదిస్తుంది.

జూదం పద్ధతి అన్నమాటకు ఇక్కడ మూడు లక్షణాలు చెప్పుకోవచ్చు. ఒకే క్షణంలో బతుకంతా తేలిపోవాలన్న ఆత్రం మొదటిది. ఎదుటి మనిషిని మనిషిగా గాక రావలసిన ఫలితంగా చూడడం రెండవది. ఓటమిలో సైతం మత్తును అనుభవించడం మూడవది. మొదటి రెండు లక్షణాలు పుష్కిన్ కథలో స్పష్టంగా కనిపిస్తాయి. మూడవదాన్ని దోస్తోయెవ్‌స్కీ చేర్చాడు.

హెర్మన్ ఉత్తరాలు

'ఇస్పేటు రాణి' కథానాయకుడు హెర్మన్ సైన్యంలో ఇంజనీరు అధికారి. రష్యాలో స్థిరపడిన జర్మన్ కుటుంబానికి చెందినవాడు. తండ్రి విడిచిపోయిన కొద్దిపాటి మూలధనాన్ని ముట్టకుండా జీతంతోనే పొదుపుగా బతుకుతుంటాడు. తెల్లవార్లూ పేకాట బల్ల దగ్గర కూర్చుని ఇతరుల ఆటను ఊపిరి బిగబట్టి చూస్తాడే గాని ఒక్క ముక్కా ముట్టడు. ఆడనివాడిని జూదరిగా చూపడం పుష్కిన్ సాధించిన మొదటి విశేషం. వ్యసనం చేతిలో కాదు, ఊహలో పుడుతుందని ఈ పాత్ర నిరూపిస్తుంది.

వృద్ధురాలైన ఒక కౌంటెస్‌కు తప్పక గెలిచే మూడు ముక్కల రహస్యం తెలుసని ఆమె మనవడు తోమ్‌స్కీ చెప్పిన ముచ్చట హెర్మన్ మనసును పట్టేస్తుంది. ఆ ఇంట్లోకి దారి వెతుకుతున్న సమయంలో కౌంటెస్ నీడన బతికే అనాథ యువతి లిజవేత ఇవానోవ్నా అతనికి కిటికీలో కనిపిస్తుంది. అతడు ఆమెకు ప్రేమలేఖలు రాయడం మొదలుపెడతాడు. మొదటి లేఖ ఒక జర్మన్ నవలనుంచి అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసినది. ఇంతవరకు చూస్తే హెర్మన్ మోసగాడు, ఉత్తరం ఒక సాధనం. కాని పుష్కిన్ ఇక్కడితో ఆగలేదు. తర్వాతి ఉత్తరాలను హెర్మన్ సొంతంగానే రాశాడనీ, వాటిలో నిజమైన ఆవేశం ఉందనీ కథకుడు చెబుతాడు.

ఈ చిన్న వివరం మీద విమర్శకులు నిలవవలసినంత నిలవలేదు. ఆ ఆవేశం ఎవరి కోసం? లిజవేత కోసం కాదని కథ తర్వాత తేల్చి చెబుతుంది. అయినా అది నటన కూడా కాదు. మూడు ముక్కల మీద ఉన్న తపన మొత్తం దారి మళ్లి ప్రేమలేఖల్లోకి ప్రవహించింది. కనుక అతని భావం అబద్ధం కాదు. ఆ ఉత్తరం అందుకున్న మనిషి మాత్రం దాని అసలు గమ్యం కాదు. లిజవేత మోసపోయిందంటే ఆమె అమాయకత్వం ఒక్కటే కారణమని చెప్పలేం. ప్రేమలో ఉండవలసిన వేడి ఆ ఉత్తరాల్లో ఉంది. జూదపు కాంక్షకూ ప్రేమకూ బయటి రూపంలో తేడా కనిపెట్టలేని స్థితిని పుష్కిన్ ఇలా కల్పించాడు.

ఈ అస్పష్టత రెండు తలుపుల ఘట్టంలో దృశ్యరూపం ధరిస్తుంది. రాత్రివేళ కౌంటెస్ పడకగదిలోకి చేరిన హెర్మన్ ముందు రెండు దారులు ఉన్నాయి. ఎడమవైపు తలుపు తీస్తే లిజవేత గదికి వెళ్లే ఇరుకైన మెట్లు. కుడివైపున చీకటిగా ఉన్న చిన్న గది. అతడు ఎడమ తలుపు తెరిచి మెట్లను చూస్తాడు. మళ్లీ వెనక్కి తిరిగి కుడివైపు గదిలో దాక్కుంటాడు. ఈ ఎడమ, కుడి కేవలం ఇంటి అమరిక కోసం వచ్చినవి కావు. కథలోని పేకాట 'ఫారో'. అందులో ఆటగాడు ఒక ముక్కను ఎంచుకుని పందెం కాస్తాడు. ఎదుటివాడు మరో కట్టనుంచి ముక్కలను కుడికీ ఎడమకీ పరుస్తూ పోతాడు. ఎంచుకున్న ముక్క ఎడమన పడితే ఆటగాడికి గెలుపు, కుడిన పడితే ఓటమి. తెలుగునాట 'లోనా బయటా' పేరుతో ఆడే ఆటకు ఇది దగ్గరి చుట్టం. నైపుణ్యానికి ఇందులో చోటు లేదు. కథలో పేకముక్క పడడానికి ఎంతో ముందే హెర్మన్ తనను తాను కుడివైపు పరుచుకున్నాడని ఈ ఘట్టాన్ని చదువుకోవచ్చు.

ఆ తర్వాత కౌంటెస్ ముందు మోకరిల్లిన హెర్మన్, ఆమె ఎప్పుడైనా ప్రేమను ఎరిగి ఉంటే ఆ ప్రేమ పేరిట రహస్యం చెప్పమని వేడుకుంటాడు. లిజవేతకు నోరారా చెప్పవలసిన ప్రేమభాషను అతడు రహస్యం కోసం వృద్ధురాలి ముందు ఖర్చు చేస్తాడు. గుండు లేని పిస్తోలును చూసి ఆమె భయంతో ప్రాణం విడుస్తుంది. లిజవేత కన్నీరు అతన్ని కదిలించదు. చనిపోయిన ముసలామె పట్ల పశ్చాత్తాపం కలగదు. రహస్యం శాశ్వతంగా చేజారిందన్న ఒక్క దుఃఖమే అతన్ని కుదిపేస్తుంది.

కౌంటెస్ ప్రేతరూపంలో వచ్చి మూడు, ఏడు, ఆసు అనే ముక్కలను చెబుతూ మూడు షరతులు పెడుతుంది. రోజుకు ఒక్క ముక్క మాత్రమే ఆడాలి. ఆ తర్వాత జన్మలో ఆడకూడదు. లిజవేతను పెళ్లి చేసుకోవాలి. హెర్మన్ ముక్కలను గుర్తుంచుకున్నాడు, పెళ్లి షరతును మరిచాడు. మరిచాడని కథకుడు ఎక్కడా చెప్పడు. ఆ విషయం మళ్లీ ప్రస్తావనకు రాకపోవడమే ఆ మరపుకు సాక్ష్యం. భౌతికలోకంలో రెండు వస్తువులు ఒకే చోట ఇమడనట్టే మనసులో రెండు స్థిరభావాలు కలిసి ఉండలేవన్న సూత్రంతో పుష్కిన్ చివరి అధ్యాయాన్ని ప్రారంభిస్తాడు. మూడు, ఏడు, ఆసు హెర్మన్ మనసులోంచి మృతురాలి రూపాన్ని సైతం తరిమేశాయి. వీధిలో సన్నని యువతి కనబడితే ఆమె అతనికి ఆఠీను మూడులా తోస్తుంది. మనిషిని ఫలితంగా చూసే చూపు ఇక్కడ అక్షరాలా పేకముక్కగా మారింది. 47 వేల రూబుళ్లతో మొదలైన అతని ఆట మూడోరోజున ఆసుకు బదులు ఇస్పేటు రాణి చేతికి రావడంతో ముగుస్తుంది. అతడు పిచ్చివాడై ఆసుపత్రి పాలవుతాడు.

చైకోవ్‌స్కీ 1890లో ఈ కథను సంగీతరూపకంగా మలిచినప్పుడు అందులో హెర్మన్ నిజంగానే యువతిని ప్రేమిస్తాడు. ఆమెను పొందేందుకు కావలసిన డబ్బు కోసమే జూదం వైపు వెళ్తాడు. ప్రేక్షకుడి సానుభూతికి ఈ మార్పు ఉపకరించింది. కాని ప్రేమ వేరు, జూదం వేరు అన్న సౌకర్యాన్ని ఆ మార్పు తిరిగి తెచ్చింది. పుష్కిన్ తన పాఠకుడికి ఇవ్వడానికి నిరాకరించినది ఆ సౌకర్యాన్నే.

అలెక్సీ దాస్యం

దోస్తోయెవ్‌స్కీ మరో ముప్పై రెండేళ్లకు ఈ సమస్యను మలుపు తిప్పాడు. 'జూదరి' కథ రూలెటెన్‌బుర్గ్ అనే కల్పిత జర్మన్ విహారపట్టణంలో జరుగుతుంది. ఒక రష్యన్ జనరల్ ఇంట పిల్లలకు చదువు చెప్పే అలెక్సీ ఇవానోవిచ్ ఆ జనరల్ సవతి కూతురు పొలీనాను ప్రేమిస్తాడు. ఇంటిల్లిపాదీ మాస్కోలోని నాయనమ్మ ఎప్పుడు పోతుందా, ఆస్తి ఎప్పుడు వస్తుందా అని తంతి కోసం ఎదురుచూస్తుంటారు. అంటే రూలెట్ బల్ల ముట్టనివారు కూడా ఒక చావు మీద పందెం కాసి కూర్చున్నారు. అలెక్సీ వ్యసనాన్ని ఈ వాతావరణం నుంచి విడదీసి వ్యక్తిగత బలహీనతగా మాత్రమే చూడడం నవలకు అన్యాయం చేయడమే.

హెర్మన్‌లో జూదం ప్రేమ వేషం వేసుకుంది. అలెక్సీలో ప్రేమ జూదం కంటే ముందే జూదంలా ప్రవర్తిస్తుంది. తాను పొలీనాకు బానిసనని అతడు పదేపదే ప్రకటిస్తాడు. అవమానపు అట్టడుగు మెట్టులో ఒక సుఖం ఉందంటాడు. ఆమె ఒక్క మాట అంటే ష్లాంగెన్‌బెర్గ్ కొండ మీదనుంచి దూకేస్తానంటాడు. ఆమె ఆ మాటను పరీక్షకు పెట్టి, నడివీధిలో ఒక జర్మన్ బారన్ భార్యను అవమానించమని ఆజ్ఞాపిస్తుంది. అతడు వెంటనే ఆ పని చేస్తాడు. ఈ ఘట్టంలో ప్రేమకు ఉండవలసిన పరిచయం, ఓర్పు, కాలక్రమంలో కలిగే నమ్మకం ఏవీ లేవు. ఉన్నది సర్వస్వం ఒడ్డడం, ఫలితం కోసం ఊపిరి బిగబట్టడం. తొలినాళ్లలో పొలీనా డబ్బుతో ఆమె కోసమే ఆడుతున్నప్పుడు విధిని సవాలు చేయాలనీ, దాన్ని వెక్కిరించాలనీ అతనిలో ఒక వింత కోరిక పుడుతుంది. పొలీనా ముందు అతని ప్రవర్తనలోనూ ఈ కోరికే ఉంది. అతడు ఆమెను ఎంతగా ఆరాధిస్తాడో అంతగా ద్వేషిస్తాడు. జూదరికి చక్రం మీద ఉండే భావం కూడా ఇదే.

నవలకు గుండెకాయ వంటిది పద్నాలుగో అధ్యాయం. ఫ్రెంచివాడైన ద గ్రియో తనను డబ్బుతో వదిలించుకోచూశాడన్న అవమానంతో పొలీనా ఒక రాత్రి అలెక్సీ గదికి వస్తుంది. ఆమెకు కావలసింది యాభై వేల ఫ్రాంకులు ఆ ఫ్రెంచివాడి ముఖాన విసిరికొట్టగల గౌరవం. అంతకంటే లోతున, తనను మనిషిగా చూసే ఒక తోడు. అలెక్సీ ఆమెను గదిలోనే కూర్చోబెట్టి రూలెట్ దగ్గరికి పరుగెత్తుతాడు. కోరుకున్న స్త్రీ తనంతట తాను వచ్చిన క్షణంలో ఆమెను విడిచి వెళ్లిపోవడం మొదటి చూపుకు త్యాగంలా కనిపిస్తుంది. అతడు రెండు లక్షల ఫ్రాంకులు గెలుస్తాడు. ఆడుతున్నంతసేపూ పొలీనా ఒక్కసారైనా గుర్తుకొచ్చిందో లేదో తనకు జ్ఞాపకం లేదని తర్వాత తానే రాసుకుంటాడు. బల్లను తాకిన క్షణంనుంచి తన ప్రేమ వెనక్కి జరిగిపోయినట్టుందని కూడా ఒప్పుకుంటాడు.

ఇక్కడ పుష్కిన్ సూత్రం పనిచేసినట్టు, ఒక స్థిరభావం మరొకదాన్ని తరిమినట్టు అనిపించవచ్చు. కాని దోస్తోయెవ్‌స్కీ చూపినది తరమడం కాదు, కలిసిపోవడం. పొలీనా దగ్గర అలెక్సీ వెతికినది కూడా బల్ల దగ్గర దొరికిన ఆ ఒక్క క్షణపు ఉత్కంఠనే. అది సూటిగా దొరికే చోటు తెలిశాక మధ్యవర్తి అక్కర్లేకపోయింది. బానిసగా వెళ్లినవాడు విజేతగా తిరిగి వచ్చి ఆమె ముందు డబ్బు గుమ్మరించినప్పుడు, అతనికి తెలియకుండానే అతడు ద గ్రియో స్థానంలో నిలబడ్డాడు. మర్నాడు ఉదయం పొలీనా ఆ డబ్బును అతని ముఖాన కొట్టి వెళ్లిపోతుంది.

విసిరికొట్టిన సొమ్ము

పొలీనా చర్యను అహంకారంగానో మతిచాంచల్యంగానో కొట్టిపారేయడం తేలిక. కథ చెప్పే అలెక్సీ కూడా అది జ్వరపు మైకంలో జరిగిందని నచ్చజెప్పుకోచూస్తాడు. అయితే నవలలో జూదాన్నీ ప్రేమనూ స్పష్టంగా వేరుచేసి చూసిన ఏకైక క్షణం అది. తాను పందెపు సొమ్ముగా మారానని ఆమె గుర్తించింది. లెర్మొంతోవ్ 1838లో ప్రచురించిన 'తంబోవ్ కోశాధికారి భార్య' అనే కథాకావ్యంలో సర్వం ఓడిన భర్త చివరికి భార్యనే పందెం కాస్తాడు. ఆమె పెళ్లి ఉంగరాన్ని అతని ముఖాన విసురుతుంది. పొలీనా విసిరిన నోట్లకూ ఆ ఉంగరానికీ భావబంధుత్వం ఉంది. సభాపర్వంలో ద్రౌపది వేసిన ప్రశ్నను చదివిన తెలుగు పాఠకుడికి ఈ విసురులోని ధర్మాగ్రహం కొత్త కాదు.

ద గ్రియో అన్న పేరు కూడా ఆలోచించదగినది. ఫ్రెంచి రచయిత ప్రెవో 1731లో వెలువరించిన 'మనోన్ లెస్కో' నవలలో ప్రియురాలి కోసం మాయజూదానికి సైతం దిగిన ప్రేమికుడి పేరు అది. ఆ పేరును దోస్తోయెవ్‌స్కీ అప్పుల లెక్క చూసుకునే స్వార్థపరుడికి తగిలించాడు. ఆ పాత కథానాయకుడి పాత్రను మాత్రం అలెక్సీ పోషిస్తున్నాడు. ప్రేమ కోసం జూదమాడే శృంగారవీరుడన్న పాత ఊహ ఈ నవలలో రెండు ముక్కలైంది. పేరు వడ్డీవ్యాపారికి, పిచ్చి జూదరికి దక్కాయి.

కథనం, కాలం

ఇద్దరు రచయితలు ఎంచుకున్న కథనరీతులు కూడా ఈ తేడాకు తగినవే. పుష్కిన్ కథకుడు ప్రథమపురుషలో, పొడి మాటల్లో, దూరంనుంచి చెబుతాడు. హెర్మన్ పిచ్చిని కొన్ని వాక్యాల్లో ముగించి, లిజవేత పెళ్లి కబురు చెప్పి కథ చాలిస్తాడు. 'జూదరి' ఒక యువకుడి సొంత రాతల రూపంలో ఉంటుంది. ఆ రాతలకు మధ్యలో ఖాళీలు ఉన్నాయి. ఒకచోట దాదాపు నెల రోజుల విరామం, చివరి అధ్యాయానికి ముందు ఏడాది ఎనిమిది నెలల విరామం. పారిస్‌లో బ్లాంష్ అనే ఫ్రెంచి యువతితో కలిసి సొమ్మంతా కరగబెట్టడం ఆ విరామానికి ముందే జరిగింది; అప్పుకోసం జైలుకెళ్లడం, నౌకరుగా పనిచేయడం ఆ విరామంలో జరిగిపోయాయి. కలంలోంచి క్రమమైన కాలం జారిపోయింది. మిగిలినవి గెలుపు ఓటముల క్షణాలు మాత్రమే.

రష్యన్ విమర్శకుడు బఖ్తిన్, దోస్తోయెవ్‌స్కీ కావ్యకళపై తన గ్రంథంలో రూలెట్ బల్ల దగ్గరి కాలాన్ని గడప మీది కాలంగా చూశాడు. అక్కడ నిమిషం ఏళ్లతో సమానం. ఈ పరిశీలనను ప్రేమకూ వర్తింపజేస్తే అలెక్సీ వైఫల్యం మరింత స్పష్టపడుతుంది. ప్రేమకు గడప దాటి లోపలికి వచ్చి కాపురముండే కాలం కావాలి. అలెక్సీకి గడప తప్ప ఇల్లు లేదు. నాయనమ్మతో పోల్చితే ఇది తెలుస్తుంది. డెబ్బై అయిదేళ్ల ఆ ముసలామె తంతికి బదులు తానే రూలెటెన్‌బుర్గ్‌కు వచ్చి, సున్నా మీద పందెం కాసి గెలిచి, ఆ మత్తులో పెద్ద మొత్తం ఓడిపోతుంది. అయినా ఆమెకు తిరిగి వెళ్లడానికి మాస్కో ఉంది, ఊరు ఉంది, కట్టిస్తానని మొక్కుకున్న గుడి ఉంది. వ్యసనం ఆమెను ఊపేసి వదిలింది. అలెక్సీని వదలలేదు.

తెలిసినా విడవనిది

చివరి అధ్యాయంలో ఆంగ్లేయుడు ఆస్ట్లీ హోంబుర్గ్‌లో అలెక్సీని కలిసి, పొలీనా అతన్ని ప్రేమించిందనీ ఇప్పటికీ ప్రేమిస్తోందనీ చెబుతాడు. కథాసంప్రదాయం ప్రకారం ఇది కళ్లు తెరిపించవలసిన ఘట్టం. అలెక్సీ కదిలిపోతాడు. మరుక్షణమే అతని ఆలోచన ఆస్ట్లీ ఇచ్చిన పది బంగారు నాణేల మీదికీ, ఒకప్పుడు చివరి గుల్డెన్‌తో ఆడి గెలిచిన జ్ఞాపకం మీదికీ మళ్లుతుంది. రేపటితో అంతా మారుతుందన్న ఆశతో నవల ముగుస్తుంది. పొలీనా ప్రేమ కూడా అతనికి రేపటి పందెంలో మరో ఒడ్డు అయింది.

ఇక్కడ నలోపాఖ్యానంతో పోలిక ఉపయోగపడుతుంది. ఆంధ్రమహాభారతంలో నన్నయ తెనిగించిన అరణ్యపర్వభాగంలో ఈ కథను బృహదశ్వుడు జూదంలో సర్వం కోల్పోయిన ధర్మరాజుకు చెబుతాడు. కలి ఆవేశించడం వల్ల నలుడు పుష్కరుడితో ఆడి రాజ్యాన్ని ఓడతాడు. దమయంతిని పందెం పెట్టమన్నప్పుడు మాత్రం ఒప్పుకోడు. ఋతుపర్ణుని వల్ల అక్షహృదయం తెలియగానే కలి అతన్ని విడిచిపోతాడు. అక్కడ జూదపు మర్మం తెలియడం విముక్తికి దారి. హెర్మన్‌కు మూడు ముక్కల మర్మం తెలియడం ఉన్మాదానికి దారి. అలెక్సీకి తన వ్యసనపు మర్మమంతా తెలుసు, అక్షరాల్లో పెట్టాడు కూడా. అయినా విడుదల లేదు. నలుడి వ్యసనం బయటినుంచి ప్రవేశించింది గనుక బయటికి పోగలిగింది. రష్యన్ నాయకులది వారి కోరికే రూపం మార్చుకున్న వ్యసనం. విడిచిపోవడానికి వేరే కలి లేడు. శ్రీహర్షుని అనుసరించిన శ్రీనాథుని 'శృంగారనైషధం' నలుని జూదఘట్టం దాకా వెళ్లకుండా ప్రణయంతోనే ముగియడం గమనార్హం. మన సంప్రదాయంలో నలుడి ప్రేమ ఒక కావ్యంగా, జూదం మరో ఉపాఖ్యానంలో భాగంగా విడివిడిగా నిలవగలిగాయి. అలెక్సీ కథను అలా రెండుగా విడదీయడం సాధ్యం కాదు.

జీవితచరిత్ర పఠనానికి సమాధానం కూడా ఇక్కడే దొరుకుతుంది. ప్రచురణకర్త స్టెల్లోవ్‌స్కీతో చేసుకున్న కఠినమైన ఒప్పందం ప్రకారం 1866 నవంబర్ 1 లోగా కొత్త నవల ఇవ్వకపోతే, తొమ్మిదేళ్లపాటు దోస్తోయెవ్‌స్కీ రచనలను ప్రతిఫలం లేకుండా అచ్చువేసుకునే హక్కు ఆ ప్రచురణకర్తకు దక్కేది. అక్టోబరులో సుమారు 26 రోజుల్లో ఆయన 'జూదరి'ని అన్నా స్నీత్కినాకు చెప్పి రాయించాడు. మరుసటి ఏడాది ఆమెను పెళ్లాడాడు. గడువు మీద బతుకును ఒడ్డిన ఈ రచనాక్రమమే ఒక పందెం. ఇంత స్పష్టంగా వ్యసనాన్ని విశ్లేషించిన రచయిత 1871 వరకు రూలెట్ ఆడుతూనే ఉన్నాడు. రచన ఆయనకు చికిత్స కాలేదు. ఫ్రాయిడ్ 1928 నాటి వ్యాసంలో ఈ వ్యసనాన్ని అపరాధభావం వల్ల తనను తాను శిక్షించుకోవడంగా వివరించాడు. అది రచయిత మనసుకు సంబంధించిన ఊహ. నవల చెప్పేది అంతకంటే విశాలమైనది. తన రోగం తనకు తెలిసినవాడు కూడా దాన్ని ప్రేమించగలడని అది చెబుతుంది.

ముగింపు

ఈ రచనల్లో ఓడిన ప్రేమ కథ కంటే ప్రేమగా పొరపడిన పందెం కథ ప్రధానం. పుష్కిన్ ఆ పొరపాటును బయటినుంచి, ఉత్తరం అందుకున్న లిజవేత వైపునుంచి చూపాడు. దోస్తోయెవ్‌స్కీ లోపలినుంచి, ఆ పొరపాటులోనే జీవిస్తున్నవాడి మాటల్లో చూపాడు. లిజవేతకు నిజం తెలిసింది, పొలీనాకు తెలిసింది. కథ నడిపిన పురుషులకు తెలిసీ పట్టలేదు. వ్యసనాన్ని దురలవాటుగానో దైవోపహతిగానో మాత్రమే చూసే పఠనానికి ఈ తేడా అందదు. ప్రేమోన్మాదాన్ని గాఢప్రేమగా కీర్తించే కథలు ఏ భాషలోవైనా, వాటిని చదివేటప్పుడు అడగవలసిన ప్రశ్నను ఈ రెండు రచనలు మిగిల్చాయి. నాయకుడు ఎదురుచూస్తున్నది ఆ మనిషి కోసమా, లేక ముక్క తిరగబడే ఆ క్షణం కోసమా?